సొంత మాటల్లో రాయండి

అమీర్‌పేటలో ఇప్పుడు ఏ మేడ మెట్లెక్కినా పైన ఇంగ్లీషు నేర్పేవాళ్లుంటారు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక, ఎక్కడ చూసినా వాళ్ల బోర్డులే. మొన్న మా మనవరాలు అలాంటి ఒక చోటు నుంచి తెచ్చుకున్న కాగితాల కట్ట నా ఒళ్లో పడేసి, "అమ్మమ్మా, ఈ కాంప్రహెన్షన్ చూడు, ఎంత బోరో" అంది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒక పేరా, దాని కింద ప్రశ్నలు. ప్రశ్నల పైన లావాటి అక్షరాలతో ఒక ఆజ్ఞ: జవాబులు సొంత మాటల్లో రాయండి. నాకు ఒళ్లు మండింది. కాగితాలు విసిరి కొట్టాను. పిల్ల బిత్తరపోయింది. ఎందుకంత కోపమని అడిగితే కూర్చోబెట్టి చెప్పాను. చెబితే కోపం తగ్గుతుందనుకున్నాను, ఇంకా పెరిగింది. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పటి అమీర్‌పేటలో ఇంగ్లీషు ఇంత సులువుగా దొరికేది కాదు. సర్కారు బడుల్లో చదువంతా ఉర్దూలో. ఇంగ్లీషు కావాలంటే మాలాంటివాళ్లకు తెల్ల పాదిరీలు పెట్టిన మిషను బడి ఒక్కటే దిక్కు. మా ఇల్లు ఒక నవాబుగారి తోట గోడను ఆనుకుని ఉన్న గూనపెంకుల ఇళ్ల వరసలో ఉండేది. బడేమో పంజాగుట్ట అవతల. అప్పటికి పంజాగుట్ట నిజంగానే గుట్ట. బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్యలో ఎద్దుబండ్లు నడిచి నడిచి పడిన బాట. చలికాలం పొద్దున్నే ఆ బాట మీద వెళ్తుంటే చెరువు వైపు నుంచి మంచు కమ్ముకొచ్చేది. నాలుగడుగుల ముందున్న మనిషి కూడా కనిపించేవాడు కాదు. బడి పక్కనున్న మా చర్చిలో గంట మోగితే ఆ శబ్దాన్ని బట్టి ఎటు నడవాలో తెలిసేది. ఈ మంచునూ ఈ గంటనూ కాస్త గుర్తుంచుకోండి, తర్వాత వీటితో పని ఉంది.

మా వాడ నుంచి నాతో ఆ బడికి వచ్చేది ఇంకొక్క పిల్ల. వాళ్లు నేతపనివాళ్లు. ఆమె తాత కాలంలో మగ్గం మీద బతుకు గడవక సిరిసిల్ల వైపు నుంచి పట్నం వచ్చి కుట్టుమిషను పట్టారు. అమీర్‌పేట బజారులో వాళ్ల నాయనకు దర్జీ దుకాణం ఉండేది. మిషను బడిలో చదివితే పిల్ల మతం మారి చేజారిపోతుందని బంధువులు గోల చేసినా ఆయన వినలేదు. ఆమె నోరున్న పిల్ల, నేను నోట్లో నాలుక లేనిదాన్ని. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మా అమ్మ మిషను తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు బైబిలు వాక్యం చెప్పేది. బడికి పెద్ద ఒక దొరసాని, సముద్రాలు దాటి వచ్చిన మనిషి. ఆమె కొత్తగా వచ్చినప్పుడు ఆమెకు తెలుగు నేర్పే పని మా అమ్మకు అప్పజెప్పారు. మా అమ్మకు వ్యాకరణం ఏం తెలుసు? ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే, "నేను అంట, మీరు అనుండ్రి." "ఎట్లున్నరమ్మా, పిల్లలు మంచిగున్నరా?" అని అమ్మ అనేది. దొరసాని అదే మాట అదే రాగంలో అనేది. ఇద్దరూ అలా పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుని అనుకునేవాళ్లు. కొన్నేళ్లు తిరిగేసరికి దొరసాని గడగడా తెలుగు మాట్లాడసాగింది. కళ్లు మూసుకుని వింటే మా అమ్మే. అదే యాస, అదే దీర్ఘం, మాట చివర మా అమ్మ తీసే నిట్టూర్పు కూడా అదే. కోస్తా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పాదిరిగారొకరు ఆమె తెలుగు విని నవ్వు ఆపుకోలేక బయటికి నడిచారని మా వాడలో చెప్పుకునేవారు.

ఒకసారి దొరసాని మా అమ్మను వెంటబెట్టుకుని నా స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. అక్కడ పెళ్లివాళ్లు ఇచ్చిన కొత్త బట్ట కత్తిరించడానికి నేల మీద పరిచి ఉంది. దొరసాని చూసుకోకుండా బూటుకాలు దాని మీద వేసింది. ఇంట్లో ముసలమ్మ మొహం మాడిపోయింది. ఆ ఇంట్లో బట్టకు కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు, అన్నం ఎంతో బట్ట అంత. మా అమ్మ వెంటనే దొరసాని చెవిలో ఒక మాట అందించింది. దొరసాని చేతులు జోడించి దాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"మనసుల పెట్టుకోకుండ్రి అమ్మా, తెల్వక జరిగింది."

ముసలమ్మ కరిగిపోయి కూర్చోమని చాప వేసింది. ఆనాటి నుంచి దొరసానికి ఆ మాట తెగ నచ్చింది. ఎవరింటికి ఆలస్యంగా వెళ్లినా అదే, ఎవరి కాలు తొక్కినా అదే, చివరికి బాటలో ఎవరి మేకలకు అడ్డం వచ్చినా అదే మాట. మా వాడ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూనే ఆమెను మెచ్చుకునేవారు. అంత పెద్ద దొరసాని మన మాట ఎంత ముద్దుగా పలుకుతుందో అని.

ఇంట్లో మా అమ్మ వేరే మనిషి. రాత్రి అన్నాలకు ముందు ప్రార్థన, ప్రార్థనలో ప్రతివాళ్లూ ఒక కంఠత వాక్యం చెప్పాలి. ఒక్క మాట అటూ ఇటూ అయినా చెయ్యెత్తి ఆపేది. "మల్ల మొదటికెల్లి చెప్పు" అనేది. కూర చల్లారిపోతున్నా సరే, మళ్లీ మొదటి నుంచే. అర్థం అదే కదమ్మా అని నేనొకసారి గొణిగాను.

"దేవుని మాటల నీ మాట కలుపుతవా?" అంది అమ్మ. "నువ్వు ఆయనకంటె ఎక్కువ తెలిసినదానివా?"

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. చర్చిలో పిల్లలకు బహుమతులిచ్చేదీ ఈ లెక్కనే. పెద్దల మాటను మార్చకుండా చెప్పడం మర్యాద, మార్చడం పొగరు. మా వాడ క్రైస్తవుల పిల్లలకు ఇది తల్లిపాలతో వచ్చిన చదువు. దానివల్ల నాకొకటి అలవాటైంది. ఎవరైనా నిదానంగా రెండుసార్లు చదివితే చాలు, ఆ మాటలు నాలో అలాగే దిగిపోయేవి. తెలుగైనా, ఇంగ్లీషైనా. అదొక విద్య అని నేననుకోలేదు. మా వాడలో సగం మంది పిల్లలకు అది వచ్చు.

ఇక మా ఇంగ్లీషు పంతులమ్మ. ఆమె కోస్తా వైపు మనిషి, మద్రాసులో చదువుకుని వచ్చింది. మంచి చీర, మంచి ఉచ్చారణ, మేమంటే మంచి చులకన. మేం నోరు తెరిస్తే చాలు, "ఏంటా భాష?" అని ముక్కు చిట్లించేది. మా అమ్మ గురించి, దొరసాని తెలుగును పాడుచేసిన మనిషి అని ఆమె ఎవరితోనో అనగా నా చెవులారా విన్నాను. అది విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

కాంప్రహెన్షన్ చెప్పే పుస్తకం బడి మొత్తానికి ఒక్కటే. యుద్ధం రోజులు, కాగితానికి కరువు, ఓడల్లో కొత్త పుస్తకాలు రావడం మానేశాయి. ఆ ఒక్క పుస్తకాన్ని పంతులమ్మ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకునేది. పేరా కళ్ల ముందుంటే దాన్ని మళ్లీ మళ్లీ చూసుకుంటూ జవాబు రాయాలి, కాంప్రహెన్షన్ పద్ధతే అది. మాకు ఆ భాగ్యం లేదు. ఆమె పేరాను రెండుసార్లు చదివేది, ప్రశ్నలు బోర్డు మీద రాసేది, పుస్తకం మూసేది. మేం ఒకవైపు వాడేసిన కాగితాల వెనక వైపు జవాబులు రాయాలి. చూడకుండా రాయమంటే ఎవరైనా ఏం రాస్తారు? గుర్తున్నది రాస్తారు. నాకు అంతా గుర్తుండేది, అదే నేను చేసిన నేరం.

నా కాగితం మీద ఎప్పుడూ ఎర్రసిరాతో ఒకటే మాట, సొంత మాటల్లో రాయి. పేరా రాసినాయన ఎవరో మంచి మంచి మాటలు ఏరుకుని రాశాడు. వాటిని తీసిపారేసి నా మాటలు పెడితే ఆయనకు అవమానం కాదా అనిపించేది నాకు. అది పోనీ అనుకుందాం. ఇంగ్లీషులో నాకు సొంత మాటలెక్కడివి? నాకు తెలిసిన ప్రతి ఇంగ్లీషు మాటా ఆ పంతులమ్మ నోటి నుంచో, తాళం వేసిన ఆ బీరువా నుంచో వచ్చిందే. అవే తిరిగి చెబితే పనికిరావు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాటలు చెబితే ఏంటా భాష అని ముక్కు చిట్లింపు. మరి ఏ మాటలు నా సొంతం? ఈ ప్రశ్న ఆమెను అడగాలని ఎన్నిసార్లు నాలుక చివరి దాకా వచ్చిందో. అడిగే ధైర్యం మాకెవరిచ్చారు?

నా స్నేహితురాలికి ఈ బాధ లేదు. సగం వినేది, సగంసేపు కిటికీలోంచి బయటికి చూసేది. అయినా జవాబు మాత్రం ధైర్యంగా రాసేది. ఈయన చాలా మంచివాడు, అందరికీ సాయం చేస్తాడు, మనం కూడా అలాగే ఉండాలి. ఈ అర్థం వచ్చే నాలుగు ముక్కలు ఆమెకు ఇంగ్లీషులో చేతనవును. పేరాలో ఉన్నది మనిషైనా, గుర్రమైనా, వాగైనా అవే ముక్కలు. పంతులమ్మ వాటిని సొంత మాటలని మెచ్చుకుని మార్కులు వేసేది.

"నాకు గా కథ ఏందో సుత తెల్వదే!" అని ఆ పిల్ల ఇంటికొచ్చే దారి పొడవునా పడీ పడీ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

మెట్రిక్ క్లాసులో చివర ఒక పరీక్ష ఉండేది. సెలెక్షన్ అనేవాళ్లం. అందులో నెగ్గినవాళ్ల పేర్లే బడి అసలు పరీక్షకు పంపేది, మిగతావాళ్లు ఇళ్లకు. ఆ పరీక్ష మీద నా ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. మెట్రిక్ పాసైతే టీచరు ట్రైనింగులో సీటు. కాకపోతే మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఆఫీసరు బంగళాలో ఆయా పని. మా నాయన ఆ బంగళాలోనే తోటమాలి, అప్పటికే నా గురించి అక్కడి అమ్మగారిని అడిగి పెట్టాడు. ఇంకొకరి పిల్లను ఎత్తుకుని తోటలో తిప్పుతూ, వాళ్లు ఇంగ్లీషులో తిడితే తలవంచుకునే బతుకు నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది.

సెలెక్షన్‌లో పంతులమ్మ చదివిన పేరా నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సముద్రం ఒడ్డున ఒక ఊరు. అక్కడ చర్చి గంట మోగించే ముసలాయన ఉంటాడు. ఒకనాడు దట్టంగా పొగమంచు కమ్ముతుంది. చేపలకు పోయిన పడవలు తిరిగి రావు. ముసలాయన ఎవరూ చెప్పకుండానే గంట మోగించడం మొదలుపెడతాడు, ఎంతసేపైనా ఆపడు. ఊళ్లోవాళ్లు తలనొప్పి తెచ్చావని తిడతారు. చివరికి పడవలన్నీ ఆ శబ్దం పట్టుకుని ఒడ్డుకు చేరతాయి. ఊళ్లోవాళ్లకు ఎందుకు కోపం వచ్చింది, పడవలు ఎలా చేరాయి, ముసలాయన ఎలాంటివాడు, ఇవీ ప్రశ్నలు.

వింటుంటేనే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రం నేనెన్నడూ చూడలేదు. కానీ ఆ మంచు నాకు తెలుసు, ఆ గంట నాకు తెలుసు. పంజాగుట్ట బాట మీద నన్ను బడి దాకా తెచ్చింది ఆ గంటే కదా. అంత బాగా మనసుకు పట్టింది కాబట్టే ఒక్క మాట కూడా మార్చబుద్ధి కాలేదు. రాసినాయన మాటలతోనే, ఆయన ఆపినచోటే ఆపుతూ, జవాబులు రాసి ఇచ్చాను. ఈసారి ఎర్రసిరా పడదని కూడా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు పంతులమ్మ నా కాగితం చేత పట్టుకుని క్లాసులోకి వచ్చి నన్ను నిలబెట్టింది.

"ఏంటిది? నేను చదివింది రెండుసార్లు. ఇందులో ఒక్క అక్షరం తేడా లేదు. బీరువా ఎప్పుడు తీశావు?"

నాకు ముందు అర్థం కాలేదు. బీరువా ఎందుకు తీస్తానా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

"నిన్నే అడుగుతున్నా. పుస్తకం ఎప్పుడు దొంగిలించి చూశావో చెప్పు. ఊరందరికీ వాక్యం చెప్పే ఆవిడ కూతురివి, ఇదేనా నేర్చుకుంది?"

"నేను తియ్యలే టీచర్" అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు.

నా స్నేహితురాలు లేచి నిలబడింది. "టీచర్, గామె తియ్యలే. ఇంటె చాలు, మనసుల పట్టుకుంటది. ఆళ్లింట్ల అందరు గట్లనే."

"నిన్నెవరూ అడగలేదు, కూర్చో" అని దాన్ని కసిరి పంతులమ్మ నా వైపు తిరిగింది. " నువ్వు రేపు మీ అమ్మని తీసుకుని దొరసానిగారి గదికి రా. నీ పేరు పరీక్షకు వెళ్లదు."

క్లాసు క్లాసంతా నన్నే చూస్తోంది. కొందరు జాలిగా, కొందరు నిజంగానే తీసిందేమో అన్నట్టు. తల కొట్టేసినట్టయింది నాకు. దొంగ అనే మాట ఎంత తేలిగ్గా అనేసిందో ఆ మనిషి! పిలిచి అడగలేదు, పరీక్ష చేసి చూడలేదు, తన కొంగున తాళంచెవి ముడి అలాగే ఉందో లేదో కూడా తడుముకోలేదు. మా వాడ పిల్లకు ఇంగ్లీషు పేరా గుర్తుండటం కంటే, మా వాడ పిల్ల దొంగతనం చేయడం ఆమెకు సులువుగా తోచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఒక్క సంగతే నన్ను ఎక్కువ కాల్చేది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ ఒక్కటే అడిగింది. "తీసినవా?"

"తియ్యలే."

"అయితే అయిపాయె" అని పొయ్యి దగ్గరికి వెళ్లింది. మా నాయన మాత్రం భయపడ్డాడు. "దొరసానితోని పెట్టుకుంటే నీ పని పోతది. బంగళాల ఆయా పని ఉన్నది గదా, ఫికర్ ఎందుకు? గీ ఇంగ్లీషు మనకు అచ్చిరాలే" అన్నాడు. అమ్మ రొట్టెలు కాలుస్తూ నా వైపు తిరిగి, "గంతగనం ఏమున్నది గా కథల? జర చెప్పు" అంది. చెప్పాను. అమ్మ వింటూ వింటూ రొట్టె మాడ్చింది. "పాపం, గాయన్ను తిట్టిండ్రా?" అని మాత్రం అంది.

మర్నాడు దొరసాని గదిలో ఆమె బల్ల వెనక కూర్చుంది, పంతులమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. అమ్మా నేనూ నిలబడ్డాం. పంతులమ్మ నా నేరమంతా ఇంగ్లీషులో చెప్పింది, మా అమ్మకు ఒక్క ముక్క అర్థం కాకుండా. తల్లిని పిలిపించి, ఆమె బిడ్డను ఆమెకు తెలియని భాషలో దొంగ అనడం ఏం న్యాయమో ఆ చదువుకున్నవాళ్లే చెప్పాలి. అమ్మ అంతా అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడంది.

"దొరసానమ్మా, అది ఎన్నడు చూడంది ఏదన్న మీరే చదువుండ్రి. రెండుమార్లు చదువుండ్రి. అది చెప్తది."

దొరసాని సొరుగులోంచి వాళ్ల దేశం నుంచి వచ్చిన పత్రిక ఒకటి తీసి, అందులో ఒక పేరా చదివింది. పండ్లు ఉడికించి సీసాల్లో ఎలా దాచుకోవాలో ఆ పేరా. ఏడుపు గొంతుతో పండ్లు, చక్కెర, సీసా మూతలు అన్నీ వరసగా అప్పజెప్పాను. దొరసాని పత్రికలో వేలు పెట్టుకుని మాట మాటా చూసుకుంటూ వచ్చింది. చివరికి వేలు తీసింది. పంతులమ్మ మొహం కందిపోయింది.

దొంగతనం నింద అక్కడితో పోయింది. పోయిందని మాత్రం ఎవరూ నోరు తెరిచి అనలేదు. పైగా పంతులమ్మ కొత్త పాట అందుకుంది, ఈసారి తెలుగులో.

"ఇది చిలక పలుకండి దొరసానిగారూ. దీనికి అర్థమైందని రుజువేంటి? సొంత మాటల్లో చెప్పమనండి."

చూశారా! నిన్న దొంగ, ఇవాళ చిలక. దొంగ కాదని తేలగానే కనీసం ఊపిరి పీల్చుకునే సందైనా ఇవ్వలేదు. నేను ఏదో ఒకటి కావాలి, అర్థమైన పిల్లను మాత్రం కాకూడదు. మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మొన్న నాకు చెప్పినట్టు గంట కొట్టినాయన కథ చెప్పు బిడ్డా" అంది. మొన్న కాదు, నిన్ననే. అమ్మ కూడా లోపల వణుకుతోందని అప్పుడు తెలిసింది నాకు. చెప్పాను.

"ఊరంత మంచు కమ్మింది. ముందట మనిషి ఉంటె సుత కానొస్తలేడు. పడవలోళ్లు ఎట్లొస్తరు? గా ముసలాయన ఏమనుకున్నడంటే, కండ్లు పని చెయ్యకుంటె చెవులున్నయి గదా అనుకున్నడు. గంట కొట్టుడు షురూ చేసిండు. ఊరోళ్లు లొల్లి లొల్లి అని మస్తు తిట్టిండ్రు. ఇంట్ల కూసున్నోళ్లకు గది లొల్లి. నీళ్ల మీద ఉన్నోళ్లకు గదే తొవ్వ. ఆయన తిట్లకు ఫికర్ చెయ్యలే. గంట కొట్టేది తిట్టెటోళ్ల కోసం కాదు గదా."

దొరసాని తల ఊపుతూ వింది. లొల్లి దగ్గర నవ్వింది కూడా. ఆమెకు ప్రతి మాటా తెలుసు, అవన్నీ ఆమె మా అరుగు మీద కూర్చుని నేర్చుకున్న మాటలే. పంతులమ్మ మాత్రం విసుక్కుంది.

"లొల్లట, తొవ్వట! ఇవా సొంత మాటలు? ఇంగ్లీషులో కావాలండి."

అప్పుడు మా అమ్మ ఒకడుగు ముందుకు వేసింది. పదిమందిలో గొంతెత్తని మనిషి, దొరసాని ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"దొరసానమ్మా, ఒక్క మాట అడుగుత. మీరు మాట్లాడే తెలుగు ఎవ్వరిది? నేను ఎట్లంటే మీరు గట్లనే అన్నరు. ఒక్క మాట సుత మార్చలే. నేను ఎన్నడన్న మిమ్ముల దొంగ అన్ననా? చిలక అన్ననా? మంచిగ నేర్చుకున్నరని వాడంత తిరిగి చెప్పుకున్న. మీ మాట మీకు మార్చకుంట అప్పజెప్తే నా బిడ్డ దొంగెట్లయితది?"

దొరసాని చెవులు ఎర్రబడ్డాయి. తెల్లవాళ్లకు సిగ్గు చెవుల్లో కనిపిస్తుందని ఆనాడే చూశాను. ఆమె పంతులమ్మతో ఇంగ్లీషులో పొడిగా ఒక్క మాట అంది, ఈ పిల్ల పేరు పంపండి అని. పంతులమ్మ లేచి నిలబడి సరేనంది. నేనైతే అదే చాలనుకుని వెనక్కి తిరిగాను. అమ్మ కదల్లేదు.

"క్లాసుల అందరి ముందట దొంగ అన్నరు" అంది. "క్లాసుల అందరి ముందటనే కాదని చెప్పుండ్రి. ఇంకేమొద్దు."

పంతులమ్మ కిటికీ వైపు చూసింది. దొరసాని పంతులమ్మ వైపు చూసింది. వాళ్లిద్దరి మధ్య ఏదో నడిచింది, అమ్మకు తెలియని భాషలో కూడా కాదు, అసలు మాటల్లేకుండానే. ఒక పంతులమ్మను పిల్లల ముందు తలవంచమనడం బడి మర్యాదకు కుదరదు కాబోలు. మా మర్యాద సంగతి ఆ గదిలో లెక్కకు రాలేదు. దొరసాని మెల్లగా కుర్చీలోంచి లేచి మా అమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"మనసుల పెట్టుకోకుండ్రి అమ్మా, తెల్వక జరిగింది."

అదే రాగం, అదే దీర్ఘం, చివర అదే నిట్టూర్పు.

నా పేరు పరీక్షకు వెళ్లింది. మెట్రిక్ పాసయ్యాను, ట్రైనింగు అయ్యాను, ముసలిదాన్నయ్యేదాకా పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. సొంత మాటల్లో రాయమని ఒక్క పిల్ల కాగితం మీదా రాయలేదు. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏం అర్థమైంది, నీ నోటికి ఎలా వస్తే అలా చెప్పు అని అడిగేదాన్ని, ఏ భాషలో చెప్పినా వినేదాన్ని. కానీ ఆ మెట్రిక్ క్లాసులో నేను దొంగను కాదని ఎవరూ చెప్పలేదు. దొంగ అన్నది అందరి ముందు, కాదన్నది తలుపు వేసిన గదిలో. పరీక్షలయ్యేదాకా కొందరు పిల్లలు నేను దగ్గరికొస్తే తమ పుస్తకాలు మూసి పక్కకు పెట్టుకునేవారు. నా స్నేహితురాలు ఒక్కతే, కావాలని తన పుస్తకాలన్నీ తెచ్చి నా ముందు కుప్ప పోసేది.

ఆ రోజు గదిలోంచి బయటికి వచ్చి అమ్మా నేనూ పంజాగుట్ట బాట పట్టాం. అమ్మ తలవంచుకుని నా ముందు విసవిసా నడుస్తోంది. పేరు పంపుతామన్నారు కదా, సంతోషించవేమమ్మా అన్నాను. అమ్మ ఒక బండ దగ్గర ఆగింది.

"గా మాట నేను నేర్పిందే" అంది. "బట్ట తొక్కినప్పుడు నేర్పిన. బట్టకు గా మాట సరిపోతది. నా బిడ్డను తొక్కితె సుత గదే మాటనా?"

కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నడిచింది. ఆ తర్వాత కూడా మా అమ్మ దొరసానితో ఇంటింటికీ తిరిగింది, వాక్యం చెప్పింది, పిలిచినప్పుడల్లా వెళ్లింది. కానీ ఆమెకు కొత్త మాట మాత్రం ఒక్కటి కూడా నేర్పలేదు.